పట్నం ఏమి అడుగుతున్నది?

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సమాఖ్య మార్కెటింగ్ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుండి ఈ తరగతిలో మీరు వెన్న శాతం పరీక్ష గురించి, బల్క్ కూలర్ శుభ్రత గురించి, దూడల పోషణ గురించి విన్నారు. అవన్నీ మీ చేతిలో ఉన్న పనులు. మాకు అప్పగించిన విషయం కొంత దూరపుది. పట్నంలోని వినియోగదారుడు ఇవాళ ఇంటర్నెట్‌లో ఏమి వెదుకుతున్నాడో చూసి, రేపు అతడు ఏమి కొనబోతున్నాడో ముందుగా పసిగట్టవచ్చునా అన్నది ఆ విషయం. "పాలు పోసేవాళ్ళకు ఈ గొడవ దేనికండీ?" అని టీ సమయంలో ఒక కార్యదర్శి గారు మమ్ములను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా ముందు మా పొరపాటు ఒకటి చెప్పుకొని, తరువాత విషయంలోకి వస్తాము.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. హోటళ్ళు మూతపడ్డవి, టీ కొట్లు మూతపడ్డవి, పెళ్ళిళ్ళు ఆగిపోయినవి. గేదె మాత్రం పాలివ్వటం ఆపదు కదా. కొనేవాడు తగ్గి, పాలు తగ్గక, ఏమి చేయాలో తోచని రోజులవి. ఆ నెలాఖరులో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ రోగ నిరోధక శక్తి కోసం కొన్ని ఇంటి సలహాలు ఇచ్చింది. 150 మిల్లీలీటర్ల వేడి పాలలో అర టీస్పూను పసుపు కలిపి రోజుకు ఒకటి రెండుసార్లు తాగమన్నది వాటిలో ఒకటి. గుజరాత్ సోదరులు, అమూల్ వారు, ఆ వేసవిలోనే పసుపు పాలను డబ్బాలలో నింపి మార్కెట్‌కు తెచ్చారు. మేమూ ఇంటర్నెట్‌లో గ్రాఫు తీసి చూశాము. పసుపు పాల గీత నిట్టనిలువుగా లేచి ఉన్నది. ఇంకేమి, మన పాలకు దారి దొరికిందని సంబరపడి పాకెట్ ఫిల్ముకు ఆర్డరు పెట్టాము. ఫిల్ము అచ్చువేసేవారు కొద్ది కొద్దిగా ఇవ్వరు. అచ్చు సిలిండర్లు చెక్కించాలి, అందుకు వేరే ఖర్చు, ఆ పైన ఇంత బరువుకు తగ్గకుండా తీసుకోవాలి. అన్నిటికీ ఒప్పుకున్నాము.

రుచి కుదిరి, లేబులు కుదిరి, పాకెట్టు బూతుకు చేరేసరికి జనం మళ్ళీ మామూలు టీకి వచ్చేశారు. కొన్నాళ్ళు అమ్మాము. వెనక్కు వచ్చినవి పారబోశాము. మిగిలిన ఫిల్ము చుట్టలు ఈనాటికీ గోదాములో ఒక మూల ఉన్నవి. ఆ తరువాతి సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, "ఆ పసుపు పాల నష్టం ఎవరి ఖాతాలో రాశారయ్యా?" అని నిలదీశారు. రాసేందుకు సమాఖ్యకు వేరే ఖాతా ఎక్కడిది? మిగులులో నుండి పోయింది. మిగులు అంటే మీ బోనసు. పాలు పోసేవారికి ఈ గొడవ దేనికంటే, ఇందుకు.

ఇందులో మమ్ములను ఇంకా బాధించే సంగతి మరొకటి ఉన్నది. పసుపు పాల ప్రశ్న 2020లో పుట్టినది కాదు. అమెరికాలో ఆహారం గురించి జనం ఏమేమి వెదుకుతున్నారో లెక్కకట్టి గూగుల్ సంస్థ 2016లో ఒక నివేదిక ప్రచురించింది. 2015 నవంబరు నుండి 2016 జనవరి వరకు పసుపు గురించిన వెదుకులాటలు అక్కడ 56 శాతం పెరిగినవని అందులో ఉన్నది. పసుపు వేసిన పాలను కాఫీ అంగళ్ళలో కప్పుల లెక్కన అమ్మటం కూడ విదేశాలలో ఆ రోజులలోనే సాగింది. నిజామాబాదులోను, దుగ్గిరాలలోను పసుపు మార్కెట్లు పెట్టుకొని, ఇంటింటా జలుబుకు పసుపు పాలు కాచుకునే మనం ఆ నివేదిక వైపు చూడనైనా చూడలేదు. అమెరికాలో అడిగినంత మాత్రాన ఆంధ్రలోను, తెలంగాణలోను అడుగుతారని కాదు. కాని అప్పుడు ఒక చిన్న కుండలో, నాలుగు బూతులలో ప్రయత్నించి చూసి ఉంటే, 2020లో మాకు రుచి తెలిసి ఉండేది, నిలవ తెలిసి ఉండేది, ఎవరు తాగుతారో తెలిసి ఉండేది. ముందుగా చూడవలసిన నాడు చూడక, గీత కొండెక్కిన తరువాత చూశాము. కొండెక్కిన గీతను చూసేందుకు తెలివి అక్కరలేదు. అందరికీ కనబడుతుంది.

ఇక ఈ గీత అంటే ఏమిటో చెప్పాలి.

గూగుల్ సంస్థ 2006లో ట్రెండ్స్ అనే పేరుతో ఒక వసతి పెట్టింది. రుసుము లేదు. 2004 నుండి లెక్కలున్నవి. ఒక మాట ఇచ్చి, ఇండియాలోనా, తెలంగాణలోనా, ఆంధ్రప్రదేశ్‌లోనా, ఎంత కాలానికి అని చెబితే, ఆ మాటను జనం ఎప్పుడు ఎక్కువ వెదికారో, ఎప్పుడు తక్కువ వెదికారో గీత గీసి చూపుతుంది. మీ చేతిలోని ఫోనులోనే చూడవచ్చును. మీలో చాలామంది బ్యాంకు డబ్బు పడిందా లేదా అని రోజూ చూసుకునే ఫోనే అది.

అయితే ఆ గీత మీద ఉండే 100, 50, 25 అనే అంకెలను లీటర్లనుకోరాదు. మనుషుల సంఖ్య అని కూడ అనుకోరాదు. మీరు అడిగిన కాలంలో ఆ మాట అన్నిటికంటె ఎక్కువగా వెదకబడిన సమయానికి 100 అని పేరు పెడతారు. మిగిలినవన్నీ దానితో పోలిక. పైగా అది మొత్తం వెదుకులాటలలో ఆ మాటకు వచ్చిన భాగం. ఉదాహరణకు ఒక పట్నంలో ఒక ఏడు వేయి వెదుకులాటలు జరిగి, అందులో పది పనీరు గురించి అనుకోండి. మరుసటేడు అయిదు వేలు జరిగి, పనీరుకు నలభై వచ్చాయనుకోండి. అడిగినవారు నాలుగింతలైనారు. కాని భాగం నూటికి ఒకటి నుండి నూటికి 0.8కి దిగింది. గీత కిందికి వాలుతుంది. దానిని చూసి పనీరు పని అయిపోయిందనుకుంటే మన పని అవుతుంది.

ఇది ఊరికే చెప్పటం లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత డేటా చవకై, అంతకుముందు ఇంటర్నెట్ ముఖం చూడనివారు లక్షలాదిగా వచ్చి చేరారు. 2010లో వెదికినవాడు ఎక్కువగా చదువుకున్న పట్నవాసి. ఇవాళ ఆటో నడిపేవారు, హాస్టలు పిల్లలు, మన ఇంట్లో కోడళ్ళు అందరూ వెదుకుతున్నారు. కనుక పదిహేనేళ్ళ గీతను ఒకే జనం గీసిన గీతగా చదువరాదు. మేము సాధారణంగా అయిదేళ్ళకు మించి వెనక్కు పోము.

మరొక సంగతి. గూగుల్ వారు అన్ని వెదుకులాటలనూ లెక్కించరు, కొన్ని నమూనాలు తీసి లెక్కకడతారు. మీరు డబ్బాలోని పాలను కలియబెట్టి కొద్దిగా తీసి పరీక్షించినట్లే. అందుచేత చిన్న ఊరికి, అరుదైన మాటకు గీత సరిగా రాదు. ఇవాళ చూసినట్లు రేపు ఉండదు, లేదా సున్న చూపుతుంది. సున్న అంటే ఎవరూ అడగలేదని కాదు, లెక్కకు అందనంత తక్కువ అని. మండలం మట్టున దీనిని చూసి లాభం లేదు. రాష్ట్రానికి చూడాలి, మహా అయితే హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరానికి చూడాలి.

ఋతువుల సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. చలికాలంలో పాలు వెల్లువగా వస్తవి, ఎండాకాలంలో తగ్గుతవి. పట్నం వాడు సరిగా దానికి ఎదురు. ఏప్రిల్, మే నెలల్లోనే పెరుగు, మజ్జిగ, లస్సీ కావాలంటాడు. మజ్జిగ గీత జనవరి నుండి ఏప్రిల్‌కు లేస్తే అది కొత్త పోకడ కాదు, ఎండ. ఈ ఏప్రిల్‌ను నిరుటి ఏప్రిల్‌తో, ముందటి ఏప్రిల్‌తో పోల్చాలి. మూడు ఏప్రిళ్ళు వరుసగా మెట్టు మెట్టుగా ఎక్కితే అప్పుడు కూర్చుని మాట్లాడుకోవాలి. చలికాలపు పాలను ఎంత పొడిగా, వెన్నగా నిలవ చేయాలో, ఎండలకు ఎంత పెరుగు కావాలో నిర్ణయించేటప్పుడు ఈ పోలిక మాకు ఉపయోగపడుతున్నది. నిరుటి ఇండెంట్ల పుస్తకం ఒక్కటే చూసుకుంటూ పోవటం కంటె ఇది కొంత నయం.

మాటల చిక్కు

అన్నిటికంటె మమ్ములను ఎక్కువ తిప్పలు పెట్టినవి మాటలు. పట్నంలో ఒకరు నెయ్యి అని తెలుగు లిపిలో కొడతారు, మరొకరు అదే మాటను ఇంగ్లీషు అక్షరాలలో కొడతారు, మరొకరు ఘీ అంటారు, ఇంకొకరు అక్షరాలే కొట్టకుండా ఫోనుతో నోటితో చెబుతారు. యంత్రానికి ఇవన్నీ వేరు వేరు మాటలు. ఒక దానిని చూసి మిగిలినవి వదిలితే ఇంటిలో ఒక గదిని చూసి ఇల్లంతా చూశామనుకున్నట్లు. మన సొంత పేరు సంగతీ ఇంతే. విజయ అని వెదికితే పాలు ఎక్కడో అడుగున ఉంటవి. సినిమాలు, మనుషుల పేర్లు ముందు వస్తవి. దీనికి ఒక ఉపాయం లేకపోలేదు. ఊరికే మాటగా కాక, విషయంగా ఎంచుకొనే సౌకర్యం అందులో ఉన్నది. అప్పుడు వేర్వేరు భాషలలో, వేర్వేరు స్పెల్లింగులతో అడిగినవన్నీ ఒక్క చోట చేరుతవి.

జున్ను విషయంలో మాకు మంచి పాఠం జరిగింది. పుస్తకాల తెలుగులో చీజును జున్ను అని రాస్తారు. ఇంటి తెలుగులో జున్ను అంటే ఈనిన గేదె మొదటి పాలతో వండేది. పసిపిల్లలను ముద్దుగా జున్ను అని పిలిచేవారూ ఉన్నారు. ఒక ఏడు ఆ మాటకు గీత లేచినట్లు కనబడగా, మా విభాగంలో ఒక యువకుడు ఉత్సాహపడి జున్ను పాలు సేకరించి పట్నంలో అమ్ముదామని కాగితం పెట్టాడు. జిల్లా సమావేశంలో ఆ మాట ఎత్తగానే ఒక మహిళా సంఘం అధ్యక్షురాలు, "బాబూ, ఆ పాలు దూడవి. దూడకు తాపించి మిగిలితే ఇరుగుపొరుగుకు. మీకు అమ్మితే వచ్చే ఏడు మా పాకలో ఏముంటుంది?" అన్నారు. కాగితం అక్కడే మడిచాము. తరువాత ఆ గీత కింద ఇచ్చే సంబంధిత ప్రశ్నలను చదివితే, జనం అడిగేది వేరుగా ఉన్నది. జున్ను పాలు లేకుండా జున్ను ఎలా వండాలని అడుగుతున్నారు. అంటే వారికి కావలసినది మామూలు పాలు, పాలపొడి. అవి మన దగ్గర ఎప్పుడూ ఉన్నవే.

కనుక మీకు మా సలహా, గీతను చూడటం కంటె దాని కింద ఉన్న ప్రశ్నలను చదవటం మీద ఎక్కువ సమయం పెట్టండి. అక్కడ రెండు వరుసలు ఉంటవి. ఎక్కువమంది అడిగేవి ఒక వరుస, కొత్తగా పెరుగుతున్నవి ఇంకొక వరుస. ఒక ప్రశ్న 5000 శాతానికి మించి పెరిగితే అంకె వేయకుండా బ్రేకవుట్ అని రాస్తుంది. ఆ మాట చూసి కంగారు పడనక్కరలేదు. నిన్న ఇద్దరు అడిగిన ప్రశ్నను ఇవాళ ఇన్నూరు మంది అడిగినా శాతం అలాగే ఉంటుంది.

ప్రశ్న వేరు, ఆర్డరు వేరు

2020 సంవత్సరాంతంలో గూగుల్ వారు ఇండియాలో ఆ ఏడు బాగా పెరిగిన "ఎలా" ప్రశ్నల పట్టిక ప్రకటించారు. మొదటిది, పనీరు తయారు చేయటం ఎలా? రెండవది, రోగ నిరోధక శక్తి పెంచుకోవటం ఎలా? మూడవది, డాల్గొనా కాఫీ చేయటం ఎలా? సోదరులారా, ఒక దేశం వేసిన మొదటి మూడు ప్రశ్నలలో రెండింటికి మీ క్యానులోని పాలే ముడిసరుకు. రెండవదానికి జవాబు కూడ పసుపు పాల రూపంలో మన గుమ్మం దాకా వచ్చింది. ఇంతటి పట్టిక పాడి పరిశ్రమకు మళ్ళీ దొరుకుతుందో లేదో.

మరి ఆ ప్రశ్నలకు ఏమి చేయవలసి ఉండెను? పనీరు గిరాకీ పెరిగింది, పనీరు పాకెట్లు ఎక్కువ చేయాలి అని తోస్తుంది. నిదానంగా ఆలోచించండి. ఎలా చేయాలని అడిగినవాడు పనీరు కొనేవాడు కాడు, ఇంట్లో విరగ్గొట్టేవాడు. అతడికి కావలసినవి పాలు, ఒక నిమ్మకాయ. చిక్కటి గేదె పాలైతే లీటరుకు సుమారు 200 గ్రాముల పనీరు దిగుతుంది. పలుచటి పాలైతే తగ్గుతుంది, ఇల్లాలు మనల్ని తిట్టుకుంటుంది. కనుక ఆ ఏప్రిల్‌లో సరైన జవాబు, 6 శాతం వెన్న ఉన్న ఫుల్ క్రీమ్ పాలను కాలనీల బూతులకు ఎక్కువ పంపటం. 3 శాతం టోన్డ్ పాలను తగ్గించకపోయినా సరే, దీనిని పెంచవలసింది. దానికి కొత్త యంత్రం అక్కరలేదు, కొత్త ఫిల్ము అక్కరలేదు. రేపటి ఇండెంటులో ఒక గీత మార్చితే చాలు. మేము ఫిల్ము కొన్నాము!

మూడు ప్రశ్నలకూ మూడు గతులు పట్టినవి. డాల్గొనా కాఫీ ఒక సరదా. చెంచాతో గిలక్కొట్టి చేతులు నొప్పిపుట్టేవరకే నిలిచింది. రోగభయం తగ్గినకొద్దీ పసుపు పాల మీది ఆత్రం కూడ తగ్గింది, అసలు అలవాటు ఇంటి వంటగదిలో ఎప్పటిలాగే మిగిలింది. పనీరు మాత్రం పోలేదు. ఒకసారి ఇంట్లో వండుకోవటం నేర్చినవాడు తరువాత తీరిక లేని రోజున పాకెట్టు కొంటాడు. గీత ఎక్కే రోజున మూడూ ఒకేలా ఎక్కినవి. ఏది నిలుస్తుందో ఎత్తును చూసి చెప్పలేము. ఇది అలవాటుగా మారేదా, ఒకసారి చేసి వదిలేదా, భయంతో అడిగేదా అని ఎవరికి వారు ఆలోచించుకోవలసిందే. యంత్రం ఈ పని చేయదు.

భయంతో అడిగే ప్రశ్నల గురించి ఇంకొక మాట. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి గురించి వివాదం వచ్చిన రోజులలో నెయ్యి అని వెదికినవారందరూ నెయ్యి కొనదలచినవారు కారు. వార్త తెలుసుకోగోరినవారు కొందరు, తమ ఇంటి డబ్బాలో ఉన్నది మంచిదో కాదో తేల్చుకోగోరినవారు కొందరు. అదే ఏడు ఆగస్టు 21న ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, పాల మీద ఏ1, ఏ2 అని రాసి అమ్మవద్దని ఉత్తర్వు ఇచ్చి, 26న దానిని వెనక్కు తీసుకున్నది. 2025 సెప్టెంబరు 22 నుండి పాకెట్టు పనీరు మీద 5 శాతం జీఎస్టీ పోయింది, నెయ్యి మీద 12 నుండి 5కు దిగింది. ఇలాంటి రోజులు వచ్చినప్పుడు వెదుకులాటలు లేవటం సహజం. అది వార్త అల. మేము ఇప్పుడు ఏ గీత లేచినా ముందు ఆ వారం వార్తాపత్రికలు తిరగేస్తున్నాము. కారణం పత్రికలో దొరికితే గీతను పక్కన పెడతాము.

పక్కన పెడతామే గాని, ప్రశ్నను కాదు. కల్తీని గుర్తించటం ఎలా అని అడిగేవాడికి కొత్త ఉత్పత్తి అక్కరలేదు, జవాబు కావాలి. పనీరు ముక్కను నీళ్ళలో ఉడికించి, చల్లార్చి, రెండు చుక్కల అయోడిన్ వేస్తే, పిండి పదార్థం కలిపి ఉంటే నీలి రంగు తిరుగుతుంది. ఈ పరీక్షను పాకెట్టు మీదనే అచ్చువేయవచ్చును, బూతులో కాగితం అంటించవచ్చును. మనం పోసేది మంచి పాలైనప్పుడు పరీక్షకు భయమెందుకు? దీనికయ్యే ఖర్చు బహు తక్కువ. ఇది చేయాలని మేము పై వారికి రాశాము కూడ.

పెద్దలు తప్పిన చోటు

మేము ఒక్కరమే తప్పామని అనుకోకండి. 2008లో గూగుల్ వారే అమెరికాలో జనం వెదికే మాటలను బట్టి ఫ్లూ జ్వరం ఎక్కడ ఎంత ఉన్నదో చెబుతామని ఒక పథకం మొదలుపెట్టారు. ఆసుపత్రుల లెక్కల కంటె ముందుగా చెప్పగలగటం చూసి ప్రపంచమంతా మెచ్చుకున్నది. 2009లో నేచర్ పత్రికలో వ్యాసం వచ్చింది. 2012-13 చలికాలానికి వచ్చేసరికి అది చెప్పిన జ్వరాలు, డాక్టర్ల వద్దకు వచ్చిన అసలు జ్వరాలకు దాదాపు రెట్టింపు. పత్రికలలో ఫ్లూ వార్తలు ఎక్కువైతే జ్వరం లేనివాడు కూడ వెదుకుతాడు కదా. 2015లో ఆ పథకాన్ని ప్రజలకు చూపటం మానివేశారు. అంతటి శాస్త్రజ్ఞులు, అంతటి యంత్రాలు ఉండీ అలా జరిగింది.

అదే సంస్థలో ఆర్థికవేత్తగా ఉండిన హాల్ వేరియన్, హ్యున్‌యంగ్ చోయ్ అనే సహోద్యోగితో కలిసి ఈ లెక్కల మీద 2009లో రాసినప్పుడు, వర్తమానాన్ని అంచనా వేయటం అని పేరు పెట్టారు. భవిష్యత్తు అనలేదు. ఆ వినయం మాకు నచ్చింది. మన అమ్మకాల లెక్క మాకు నెలాఖరుకు గాని పూర్తిగా చేరదు. గీత ఇవాళ్టి సంగతి ఇవాళే చెబుతుంది. ఆ మూడు నాలుగు వారాల ముందుచూపే దీని అసలు లాభం. అంతకు మించి జాతకం చెప్పించుకోరాదు.

ఇక్కడ మీకు, మాకు, గేదెకు మధ్య కాలంలో ఉన్న తేడా చూడాలి. బూతులకు వెళ్ళే పాలలో ఏ రకం ఎంత అన్నది రేపే మార్చవచ్చును. కొత్త ఫిల్ముకు నెలలు పడుతుంది. కొత్త యంత్రానికి టెండరు, స్థలం, విద్యుత్తు అని ఏడాది దాటుతుంది. గేదె చూలు మోయటానికే సుమారు పది నెలలు కావాలి. ఇవాళ పుట్టిన పెయ్య మొదటిసారి పాలివ్వటానికి మూడు నాలుగేళ్ళు కావాలి. గూగుల్ గీతను చూసి గేదె ఈనదు. కనుక రెండు వారాలుగా లేచిన గీతకు ఇండెంటు మార్చండి, కాగితం అచ్చువేయండి, అంతే. రెండు మూడేళ్ళు అదే ఋతువులో ఎక్కుతూ వచ్చినదానికే యంత్రం. పశువుల విషయంలో మాత్రం ఏ గీతనూ నమ్మి నిర్ణయించవద్దు. ఏ2 పాలకు ధర వస్తుందని విని ఉన్న గేదెలను అమ్మి నాటు ఆవులను కొనబోయినవారు కొందరు మా వద్దకు సలహాకు వచ్చారు. గేదె పాలలోని బీటా కేసీన్ కూడ ప్రధానంగా ఏ2 రకమేనని వారికి ఎవరూ చెప్పలేదు! వెదికేవాడికీ తెలియదు, అమ్మేవాడు చెప్పడు. ఇటువంటివి గ్రామంలో చెప్పవలసిన బాధ్యత మీది.

ప్రొటీన్ అనే మాట సంగతి కూడ చెప్పి ముగిస్తాము. ఈ మధ్య సంవత్సరాలలో పట్నాల యువకులు పాలలో, పెరుగులో, లస్సీలో ప్రొటీన్ ఎంత అని అడగటం నేర్చారు. అమూల్ వారు ఎక్కువ ప్రొటీన్ గల లస్సీ, మజ్జిగ, పనీరు ఇప్పటికే తెచ్చారు. ఇది వార్త అల కాదని, నిలిచే రకమని మా అభిప్రాయం. వ్యాయామం చేసేవాడు రోజూ చేస్తాడు, రోజూ తాగుతాడు. పైగా పనీరు చేయగా మిగిలే విరుగుడు నీటిలో మంచి ప్రొటీన్ ఉన్నది. దానిని చాలా చోట్ల ఇంకా కాలువలోకి వదులుతున్నారు, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

అయినా తొందరపడరాదు అంటున్నాము. కారణం పాల లెక్క. మీ గేదె ఇచ్చేది 6, 7 శాతం వెన్నతో కూడిన పాలు. ప్రొటీన్ అడిగేవాడు వెన్న వద్దంటాడు. అతడికి వెన్న తీసిన పాలు ఇస్తే ఆ వెన్న ఎక్కడికి పోవాలి? నెయ్యిగా అమ్ముడుపోవాలి. నెయ్యి కదలకపోతే ప్రొటీన్‌లో వచ్చిన లాభం గోదాములో గడ్డకట్టి కూర్చుంటుంది. బట్టల మిల్లు ఒక రంగు మానేసి ఇంకొక రంగు వేయగలదు. మనం ఒకటి తీస్తే రెండవది దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. కనుక మేము ఎప్పుడూ రెండు గీతలను ఒకే కాగితం మీద చూస్తాము. ప్రొటీన్ ఒకటి, నెయ్యి ఒకటి. మీకు ధర చెల్లించేది వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. రెండింటి మీద కదా. రెండూ అమ్ముడుపోయినప్పుడే ఆ ధర నిలుస్తుంది. ఈసారి సిలిండర్లు చెక్కించలేదు. తెల్ల ఫిల్ము మీద లేబులు అంటించి, కొన్ని బూతులలో మాత్రం ప్రొటీన్ మజ్జిగ పెట్టి చూస్తున్నాము. అందంగా లేదని మా అమ్మకపు సిబ్బంది ఫిర్యాదు. ఉండనివ్వండి. పోతే లేబులే పోతుంది.

ఇంత చెప్పి, గీతలో ఎన్నటికీ కనబడనివారిని మరచిపోతే తప్పు. రోజూ తెల్లవారుజామున రెండు అర లీటరు పాకెట్లు తీసుకొనే పెద్దావిడ ఇంటర్నెట్‌లో పాలు అని వెదకదు. తెలిసినదానిని ఎవరూ వెదకరు. మన అమ్మకంలో పెద్ద భాగం ఆమెదే, ఆమెవంటి వారిదే. ఆమె ఒక రోజు మానేసి పక్క బూతుకు వెళితే ఏ గూగులూ మాకు చెప్పదు. బూతు నడిపే మనిషే చెప్పాలి. అందుకని బూతులన్నిటికీ ఒక నోటుపుస్తకం ఇచ్చాము. అడిగి లేదనిపించుకున్న వస్తువు ఏది, రోజూ వచ్చి మానేసినవారు ఎందరు, ఈ రెండు మాత్రం రాయమన్నాము. నెలకొకసారి ఆ పుస్తకాలను గీతల పక్కన పెట్టి చూస్తాము. రెండూ ఒకే మాట చెబితే ముందుకు పోతాము. వేర్వేరుగా చెబితే నోటుపుస్తకాన్నే నమ్ముతాము.

మీరు చేయవలసినది కూడ ఒకటి ఉన్నది. మీ పిల్లలు, మనుమలు చాలామంది హైదరాబాదులోను, బెంగుళూరులోను ఉద్యోగాలలో ఉన్నారు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు, పాల వస్తువులలో ఏమి వెదికారు, ఏమి కొన్నారు, ఒకసారి కొని ఎందుకు మానేశారు అని అడిగి, ఒక కాగితం మీద రాసి, పాల వ్యానుతో పంపండి. ఎందుకు మానేశారన్నది ముఖ్యం. అది ఏ గీతలోనూ ఉండదు. వచ్చే నెల నుండి మీకు వచ్చే చెల్లింపు పట్టీ వెనుక ఇందుకోసం నాలుగు వరుసలు ఖాళీ ఉంచుతున్నాము. తెలుగులోనే రాయండి, పొడుగు ఉత్తరాలు అక్కరలేదు.

మా మాట అయినది. బయట మజ్జిగ పోస్తున్నారట, ప్రశ్నలు తాగిన తరువాత పెట్టుకుందాము. కొత్త లేబులుతో ఉన్నవి కూడ కొన్ని తెచ్చాము. రుచి బాగోకపోతే మొహమాటపడకుండా చెప్పవలసిందిగా కోరుచున్నాము.